దళారి కొడుకు పెనాల్టీ

మా ఆయన యూసుఫ్ సాబ్ ముఖం చూసి ఆయన మనసులో ఏముందో చెప్పగలిగిన మనిషి ఆదోనిలో లేడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాకూ అంతు చిక్కలేదు. కూరలో ఉప్పు వేయడం మరిచిపోయిన రోజూ అదే ముఖంతో తింటాడు, పండగనాడు బిర్యానీ వడ్డించినా అదే ముఖంతో తింటాడు. కాపురానికి వచ్చిన కొత్తలో వంటింట్లో కూర్చుని ఏడ్చేదాన్ని. తర్వాత నా వంట నేనే రుచి చూసుకుని, నన్ను నేనే మెచ్చుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఆయన ఎద్దుల దళారి. ఆదోని సంతలో గానీ, ఎమ్మిగనూరు జాతరలో గానీ మంచి జత చేతులు మారిందంటే మధ్యలో మా ఆయన ఉండి ఉంటాడు. ఎద్దుల బేరం నోటితో జరగదు. బేరం చేసే ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుంటారు, పైన తువ్వాల కప్పుతారు. లోపల వేళ్ళు నొక్కడమే మాట్లాడటం. చుట్టూ ఎంతమంది మూగినా ధర ఎంత దాకా వచ్చిందో మూడో మనిషికి తెలియదు. తెలుసుకోవాలంటే ముఖాలు చూసి పట్టుకోవాలి. అందుకే దళారికి చెయ్యి ఎంత ముఖ్యమో ముఖమూ అంతే. మా ఆయన అవసరమైతే బేరం బాగా కుదురుతున్నప్పుడు కొంప మునిగినవాడిలా ముఖం వేలాడేస్తాడు, చెడిపోతున్నప్పుడు పెళ్ళికొచ్చినవాడిలా నవ్వుతాడు. ఇది మోసం కాదట, విద్య అట. ఆయన మాట.

ఆ విద్య మా ఒక్కగానొక్క కొడుకు ఫక్రుద్దీన్‌కి అబ్బలేదు. వాడికి నా ముఖం వచ్చింది. నా ముఖం సంగతి మా వీధంతా ఎరుగుదురు. నాకు కోపం వస్తే నోరు తెరవక ముందే ఎదురింటివాళ్ళు తలుపు వేసుకుంటారు. ఫక్రూ కూడా అంతే. బెల్లం దొంగతనంగా తింటే, మూతి తుడుచుకుని వచ్చినా కళ్ళు "తిన్నా తిన్నా" అని చెప్పేసేవి. పసివాడప్పుడు ఆయన వాణ్ణి సంతకు తీసుకుపోయి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎదుటివాడు ధర పెంచగానే వీడు ఆనందంతో చప్పట్లు కొట్టాడట. ఆ రోజే ఇంటికొచ్చి తువ్వాల దులుపుతూ చెప్పేశాడు.

"వీడు సంతకు పనికిరాడు."

పనికిరాకపోతే పోయె. నా కొడుకు కాళ్ళు బంతికి పనికొచ్చాయి. జిన్నింగు మిల్లుల వెనక ఖాళీ స్థలంలో పిల్లలు సాయంత్రమైతే ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు. పత్తి కాలంలో అక్కడి గాలినిండా దూది ఎగురుతుంటుంది. ఆట ముగించి ఇంటికొచ్చేసరికి వాడి జుట్టు ముసలివాడి జుట్టులా ఉండేది. బడిలో డ్రిల్లు మాస్టరు శేషన్న సార్ వాణ్ణి చూసి టీములోకి తీసుకున్నాడు. పదో తరగతికి వచ్చేసరికి ముందు వరసలో ఆడేవాడు. గోలు కొడితే ఆ నవ్వు ముఖంలో పట్టక ఒళ్ళంతా పాకేది. కొట్టలేకపోతే ఆకాశం విరిగి మీద పడ్డట్టు ఉండేది.

డెబ్బై తొమ్మిదిలో దసరా సెలవుల్లో ఎమ్మిగనూరు పిల్లలు ఆదోనికి ఆడటానికి వచ్చారు. వాళ్ళ గోలు కాసే గోలీ పేరు ఉచ్చీరప్ప. గోనెగండ్ల రైతు లక్ష్మప్ప కొడుకు, ఎమ్మిగనూరులో ఉండి చదువుకుంటున్నాడు. తాటిచెట్టంత పొడుగు, మాట మెత్తన. ఆట చివర్లో ఇద్దరికీ సమానంగా ఉన్నప్పుడు మనవాళ్ళకు పెనాల్టీ దొరికింది. ఫక్రూ తన్నాడు. ఉచ్చీరప్ప ముందే అక్కడికి పోయి, ఎవరో చేతికి అందించినట్టు బంతి పట్టుకున్నాడు. తర్వాత వాళ్ళు ఇంకొక గోలు కొట్టి గెలిచి వెళ్ళారు.

వెళ్ళేముందు ఉచ్చీరప్ప మావాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"యేమనుకోవద్దు భాయ్, నువ్వు తన్నకముందే నీ కండ్లు సెప్పేసినాయి."

ఎగతాళిగా అనలేదు. ఉన్నమాట అన్నాడు. కానీ పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వినవాళ్ళలో సగం మంది ఆదోనివాళ్ళే. అది విని నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజు యూసుఫ్ సాబ్ కూడా ఆట చూడటానికి పోయాడు. ఇంటికొచ్చి, చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"సంతకు పనికిరాడనుకుంటి. మైదానానికీ పనికిరాడు."

"పిల్లోడు ఒక్క బంతి తప్పితే అంత మాటంటావా?" అన్నాను.

"బంతి తప్పలేదు మరియం, ముఖం తప్పింది. ఆ ముఖం ఎవరిది?"

"నాదే. ఇంకెవరిది? నీ ముఖం వచ్చుంటే వాడు బతికున్నాడో లేదో గూడా నాకు తెలిసేది కాదు!"

మా ఇంట్లో మాట్లాడుకునేది సగం ఉర్దూ, సగం తెలుగు. తెలుగు సగమే ఇక్కడ చెప్తున్నాను. ఉర్దూలో నేను ఆయన్ని అన్న సగం మా ఇంట్లోనే ఉండనీ.

ఆయన అదేమీ చెవిన పెట్టలేదు. జనవరిలో ఎమ్మిగనూరు జాతరకు ఫుట్‌బాల్ కప్పు పోటీ పెడుతున్నారని, ఆదోని టీమూ పోతుందని ఆయనకు తెలుసు. తీర్పు చెప్పేశాడు. "జాతర దంకా నేనే నేర్పిస్తా. ఆడగూడా ముఖం ఇట్లే సెప్పేసిందనుకో, బంతి అటకెక్కుతాది. నా ఎంట సంతకొచ్చి ఎద్దుల కట్టుగొయ్యలు పట్టుకుంటాడు. నేర్చుకుంటే ఆడుకోనీ, నేనడ్డం రాను."

ఫక్రూ గడపలో నిలబడి ఇదంతా విన్నాడు. వాడు నోరు తెరవాల్సిన పనేముంది, ముఖం ఉండనే ఉంది. బంతి లేకపోతే వాడికి తిండి కూడా సయించదని తల్లిని, నాకు తెలుసు. ఆయన ఒకసారి మాట అంటే వెనక్కు తీసుకోడనీ తెలుసు.

మర్నాటి నుంచి మా పెరట్లో చదువు మొదలైంది. గోడ మీద బొగ్గుతో రెండు గీతలు గీశారు. ఆ రెంటి మధ్య నన్ను నిలబెట్టారు. నేను గోలీనట. చేతిలో చీపురు ఉంటే దాన్నీ కింద పెట్టనివ్వలేదు, చెయ్యి పొడుగవుతుందట. ఫక్రూ బంతి పెట్టుకుని నిలబడతాడు, వాడు అబ్బా అని పిలిచే వాళ్ళ నాన్న పక్కన నిలబడి చెవిలో చెప్తాడు.

"కుడిపక్క తన్నాలంటే, ఎడమపక్క తప్పిపోయిన ఎద్దును తలుచుకో. కండ్లు ఆడికే పోతాయి."

వాడు ఎద్దును తలుచుకునేవాడు. కళ్ళు ఎడమకు పోయేవి, పెదవి మాత్రం కుడికి వంకర పోయేది. "కుడి!" అని అరిచి చీపురు చాపేదాన్ని. మళ్ళీ తన్నేవాడు. "ఎడమ!" అనేదాన్ని. ఒక్కటి తప్పితే ఒట్టు.

"నువ్వు తల్లివి. నీకు ఎట్లయినా తెలుస్తాది," అని ఆయన నన్ను పక్కకు జరిపి, పాలుపోసే ఆమెను పిలిచాడు. ఆమె చెంబు చంకన పెట్టుకునే నిలబడి, వీడు కాలు ఎత్తకముందే, "ఆ గోడపక్కకు కొడతాడు నాయనా," అంది. కొట్టాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆయన ముఖంలో ఏముందో, ఎప్పటిలాగే తెలియలేదు.

కానీ నా కొడుకు మొండివాడు. అదీ నా దగ్గర నుంచే వచ్చింది. చలికాలం వచ్చేసరికి నేర్చుకున్నాడు. దవడ బిగించి, రెప్ప వేయకుండా, రాతిబొమ్మలా నిలబడటం వచ్చింది. నేనే పోల్చుకోలేకపోయాను. "కుడి" అంటే ఎడమకు పోయింది. యూసుఫ్ సాబ్ తువ్వాల భుజం మార్చుకుని, "ఇప్పుడు మనిషైనాడు," అని సంతకు వెళ్ళిపోయాడు. నేను మాత్రం వాడికి అన్నం పెడుతూ ముఖంలోకి చూశాను. కూర నచ్చిందో లేదో తెలియలేదు. ఇంట్లో ఒక యూసుఫ్ సాబ్ చాలడా దేవుడా అనుకున్నాను.

ఆ వారమే శేషన్న సార్ సైకిల్ మీద మా ఇంటికి వచ్చాడు. ఆయన మాస్టరైనా పట్టింపు లేని మనిషి, మా వీధిలో ఆడవాళ్ళందరినీ అక్కా అనే పిలుస్తాడు.

"పిల్లోనికి ఒంట్లో బాగలేదా అక్కా?" అన్నాడు.

"బాగానే ఉన్నాడే! ఏమైంది సార్?"

"బొమ్మ మాదిరి ఆడతాండాడు. బంతి కాడికి పోయేదే ఆలస్యం. పక్కనోనికి ఇయ్యాలన్న గ్యానమే లేదు. ముందు వీడు నవ్వుతా అరుస్తా ఉరుకుతాంటే తక్కినోళ్ళకి గూడా ఊపొచ్చేది. ఇప్పుడు వీని ముఖం సూసి వాళ్ళందరూ మూగోళ్ళయినారు. ఈ వారంలో ఒక్క మ్యాచ్ గెలవలేదక్కా."

నేను పెరట్లో జరిగిన చదువంతా చెప్పాను. సార్ చాలాసేపు తల గోక్కున్నాడు.

"మనసు ఒకతూరికి ఒక పనే సేస్తాదక్కా. ముఖానికి కాపలా కాసుకుంటా బంతి తన్నమంటే, కాళ్ళనెవరు సూడాల?" అన్నాడు. తర్వాత తను పిల్లలకు చెప్పేదేమిటో చెప్పాడు. ఆటకు ముందు కళ్ళు మూసుకుని కూర్చోమంటాడట. నిదానంగా ఊపిరి పీల్చి వదలమంటాడట. బంతి తమ కాలి నుంచి బయల్దేరి గోలులోకి పోయేదాకా మనసులో చూడమంటాడట. "గోలీని సూడొద్దంటా. జనాన్ని సూడొద్దంటా. బంతి యాడికి పోవాల్నో అదొక్కటే. ఫక్రూ ఇంతకుముందు బాగా సేసేటోడు. ఇప్పుడు కండ్లు మూసుకుంటే ఎద్దులు కనపడతాండాయంట."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సాయంత్రం యూసుఫ్ సాబ్ రాగానే సార్ చెప్పిందంతా చెప్పాను, నా తరఫున రెండు మాటలు కలిపి చెప్పాను. ఆయన అంతా విన్నాడు. "జాతరలో తేలుతాదిలే," అన్నాడు. అంతే.

జాతరకు నేనూ వెళ్ళాను. మా అక్క కుల్సుంబీని ఎమ్మిగనూరులోనే ఇచ్చారు. అక్కది మట్టి మిద్దె, సరిగ్గా మైదానం అంచున. ఒక పక్క గోలు స్తంభాలు వాళ్ళ వెనక గోడకు ఎదురుగా ఉంటాయి. మిద్దె ఎక్కి కూర్చుంటే మైదానం అంతా కనిపిస్తుంది, ఆ గోలులోకి తన్నడానికి వచ్చేవాడి ముఖం నేరుగా కనిపిస్తుంది. ఆడవాళ్ళం ఎవరికీ అడ్డం లేకుండా పైనుంచి చూడొచ్చు. బస్సులో ఫక్రూ బంతి ఒళ్ళో పెట్టుకుని దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆ బంతి వాడి ఒళ్ళో ఉంటుందో లేదో అని నేను దాని వైపే చూస్తూ ఉన్నాను.

ఆట రోజు పొద్దున యూసుఫ్ సాబ్ వాణ్ణి పశువుల జాతరకు వెంట తీసుకుపోయాడు, ఆఖరి పాఠం చూపిస్తానని. మధ్యాహ్నం వాడు అన్నానికి వచ్చి, అక్క వడ్డిస్తుంటే చెప్పాడు.

"లక్ష్మప్ప పెద్దాయన జత కొన్నాడమ్మీ. ఉచ్చీరప్ప వాళ్ళ నాయన. అబ్బా ఏడుపు ముఖం పెట్టినాడు సూడు, నాకే జాలేసింది. ఆయన పాపమని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నంక అబ్బా తువ్వాలతో ముఖం తుడుసుకుని నవ్వినాడు. ఉచ్చీరప్ప గూడా ఆడే నిలబడి సూస్తాండాడు."

చెప్తూ చెప్తూ వాడు నవ్వాడు. ఎన్నాళ్ళకు చూశానో ఆ నవ్వు. తర్వాత ముద్ద చేత్తో పట్టుకుని, తినకుండా కూర్చున్నాడు.

"అమ్మీ, నాతో అయ్యేది కాదు."

"ఏది?"

"దాచేది. ముఖం బిగబడితే కాళ్ళు గూడా బిగుసుకుంటాండాయి. ఈపొద్దు నేను దాచను. సార్ సెప్పినట్ల బంతి యాడికి పోవాల్నో ఆడికే సూస్తా, ఆడికే తంతా. తెలిస్తే తెలియనీ. వాడు ఎగిరినా అందనంత గట్టిగా తంతా."

"అందితే?"

వాడు ముద్ద కంచంలో పెట్టేశాడు. అందితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నాకు భయమేసింది. దాచుకో నాయనా, ఈ ఒక్కరోజుకి దాచుకో అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎదురుగా ఉన్నది నా కొడుకు ముఖం. నెలల తరబడి ఎక్కడో పోగొట్టుకుని ఇప్పుడే దొరికిన ముఖం. దాన్ని మళ్ళీ తలుపు వేసుకో అని ఎట్లా చెప్పను?

"అన్నం తిను. నీకు తోచినట్టే ఆడు," అన్నాను.

"అబ్బాతో నువ్వు సెప్తావా?"

"నేను చెప్పేదేముందిరా, నా ముఖం చూస్తే ఆయనకే తెలుస్తుంది," అన్నాను. వాడు మళ్ళీ నవ్వి, అన్నం తిని పోయాడు.

ఎమ్మిగనూరువాళ్ళతో కప్పు ఆట మొదలయ్యేసరికి జాతర జనమంతా అక్కడే ఉన్నారు. ఒక పక్క షామియానా వేసి పెద్దమనుషులను కూర్చోబెట్టారు. ఇంకో పక్క పశువులకు నీళ్ళు పెట్టే తొట్టి. దళారులు, రైతులు షామియానా పక్కన గుంపుగా నిలబడ్డారు. అందరి మధ్యా యూసుఫ్ సాబ్, భుజాన తువ్వాల. నేనూ అక్కా మిద్దె మీద పిట్టగోడ వెనక కూర్చున్నాం. నకాబు వేసుకునే ఉన్నాను.

ఎమ్మిగనూరువాళ్ళు ముందు గోలు కొట్టారు. ఊరంతా వాళ్ళదే కదా, ఆ కేకలకు తొట్టి దగ్గర ఎద్దులు తాళ్ళు తెంపుకోబోయాయి. మావాళ్ళ తలలు వంగిపోయాయి. అప్పుడు ఫక్రూ మధ్యలోకి పరుగెత్తి, బంతి తెచ్చి గీత మీద పెట్టి, ఒక్కొక్కడి వీపు మీద చరిచాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. ముఖం మాత్రం కనిపించింది. వెలిగిపోతోంది. ఆ ముఖం చూసి మా పిల్లలు నవ్వారు. ఒక గోలు వెనకబడినవాళ్ళు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత వాళ్ళు ఆడిన ఆట వేరు. బంతి కాలి నుంచి కాలికి పోయింది, ఫక్రూ అరుస్తూ అడుగుతున్నాడు, అరుస్తూ ఇస్తున్నాడు. విశ్రాంతి తర్వాత వాడు ఇచ్చిన బంతితోనే ఇంకొక పిల్లవాడు గోలు కొట్టాడు. గీత పక్కన శేషన్న సార్ టోపీ తీసి గాల్లోకి విసిరాడు.

ఇక ఆట అయిపోతుందనగా మా పిల్లవాణ్ణి గోలు ముందు కాలడ్డం పెట్టి పడేశారు. రెఫరీ విజిల్ ఊది చుక్క వైపు చెయ్యి చూపించాడు. పెనాల్టీ.

అక్క వాళ్ళ గోడకు ఎదురుగా ఉన్న గోలే అది. సరిగ్గా మా మిద్దె ముందు.

మావాళ్ళలో ఎవరూ బంతి ముట్టుకోలేదు. తలా ఒక దిక్కు చూస్తున్నారు. ఫక్రూ వచ్చి బంతి తీసుకుని చుక్క మీద పెట్టాడు. నాలుగడుగులు వెనక్కు వేసి, కళ్ళు మూసుకున్నాడు. ఛాతీ ఎత్తుగా లేచి, నిదానంగా దిగింది. జనమంతా ఈలలు వేస్తున్నారు. వాడికి వినిపిస్తున్నట్టే లేదు. ఇప్పుడు ఎద్దులు కనపడకుండా చూడు దేవుడా అని నేను మొక్కుకున్నాను.

కళ్ళు తెరిచాడు. తొట్టి వైపు స్తంభాన్ని చూశాడు. దొంగచూపు కాదు, ఏమార్చే చూపు కాదు. తన వస్తువు అక్కడ ఉన్నట్టు, దాన్ని తీసుకోవడానికి పోతున్నట్టు చూశాడు.

"తొట్టి వైపు, ఆపా! తొట్టి వైపు తన్నబోతాండాడు," అని అక్క చెయ్యి నలిపేశాను. నాకు తెలిసిందంటే ఉచ్చీరప్పకు తెలియదా? వాడు నాకంటే దగ్గరగా ఉన్నాడు. వెనక నుంచి వాడి వీపు కనిపిస్తోంది. వాడి ఒళ్ళు తొట్టి వైపు వాలింది. అయిపోయింది అనుకున్నాను. బంతి అటకెక్కింది, నా కొడుకు కట్టుగొయ్యలు పట్టుకుని సంతలో నిలబడ్డాడు, అంతా నా కళ్ళ ముందు కనిపించింది.

ఫక్రూ పరుగెత్తాడు. సరిగ్గా అప్పుడు ఉచ్చీరప్ప వాలినవాడు ఆగాడు. ఆగి, ఒక్క ఉదుటున షామియానా వైపు ఎగిరాడు.

బంతి తొట్టి వైపు స్తంభం లోపలగా దూసుకొచ్చి, మా అక్క వెనక గోడకు ధణ్‌మని తగిలింది. గోలుకు వల లేదు. గోడ మట్టి పెళ్ళలుగా రాలింది. ఆ దెబ్బ మిద్దె పైన నా అరికాళ్ళకు తెలిసింది.

నేను లేచి నిలబడ్డాను. అరిచాను. ఏమని అరిచానో అక్కని అడగాలి. నకాబు ఎప్పుడు పైకి పోయిందో నాకు గుర్తులేదు. కింద మా పిల్లలు ఫక్రూ మీద కుప్పగా పడిపోయారు. కాసేపటికే ఆట ముగిసింది. కప్పు ఆదోనిది. నా కొడుకు నలుగురి భుజాల మీద కూర్చుని, మిద్దె వైపు చెయ్యి ఊపుతున్నాడు. నా కొడుకని చెప్పక్కర్లేదు, ముఖం చూసినవాళ్ళెవరైనా చెప్తారు.

నేను మిద్దె దిగేసరికి పిల్లలంతా గోడ దగ్గరే ఉన్నారు. ఉచ్చీరప్ప ఫక్రూ చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. వాడి ముఖంలో ఓడిన బాధ కన్నా ఆశ్చర్యమే ఎక్కువుంది.

"నువ్వు తొట్టి పక్క సూసింది నేను సూస్తి భాయ్. ఆడికే పడదామనుకుంటి. కానీ పొద్దున మీ నాయన ముఖం సూసినా గదా! మా నాయన జత తోలుకుని పోతా, ‘యీ ఇంటోళ్ళ ముఖం జల్మలో నమ్మొద్దురా’ అన్న్యాడు. ఆ మాట గుర్తొచ్చి ఇంకో పక్కకు ఎగిరితి."

ముందు శేషన్న సార్ నవ్వడం మొదలుపెట్టాడు. రెండు టీముల పిల్లలూ నవ్వారు. ఉచ్చీరప్ప కూడా తల కొట్టుకుని నవ్వాడు. "నిజమే సెప్తాడని ఎవరనుకుంటారు? దళారి కొడుకాయె!" అన్నాడు.

నేను యూసుఫ్ సాబ్ కోసం చూశాను. దళారుల గుంపు పక్కకు తప్పుకుంది. ఆయన నిలబడ్డచోటే నిలబడి ఉన్నాడు. పెదవులు అదురుతున్నాయి. ఇన్నేళ్ళలో ఆ ముఖంలో నేను చదవగలిగిన మొదటి సంగతి అది. జనం చూస్తున్నారని తెలిసి, బేరంలో చేతుల మీద కప్పే తువ్వాల తీసి ముఖం మీద కప్పుకున్నాడు. తువ్వాల కింద భుజాలు ఎగిసిపడుతున్నాయి.

లక్ష్మప్ప పెద్దాయన ఊరుకుంటాడా? పొద్దుటి బాకీ తీర్చుకున్నాడు. "యూసుఫ్ సాబ్, ఇది గూడా బేరం ఏడుపేనా? ఇయ్యాల మేము నమ్మం ల్యా!" అని కేకేశాడు. అందరూ ఘొల్లుమన్నారు. మా ఆయన తువ్వాల తీయలేదు.

జనం పలచబడ్డాక ఆయన నా దగ్గరకు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దాచుకోవడానికి ప్రయత్నించలేదు. ఫక్రూ బంతి చంకలో పెట్టుకుని, ఏం తీర్పు వస్తుందోనని వాళ్ళబ్బా వైపే చూస్తున్నాడు. గెలిచిన పిల్లవాడికి అంత భయం ఏమిటని ఇంకెవరైనా అనుకునేవాళ్ళు. ముఖం చెప్పనే చెప్పింది కదా, ఆయన పెట్టిన షరతు గెలుపు మీద కాదు, ముఖం మీదే కదా.

యూసుఫ్ సాబ్ వాడి చంకలోని బంతిని అరచేత్తో తట్టాడు.

"వీడు సంతకు పనికిరాడు," అన్నాడు.

పసివాడప్పుడు అన్న మాటే. అప్పుడు తువ్వాల దులుపుతూ అన్నాడు. ఇప్పుడు ఊరంతటికీ వినపడేటట్టు, ఛాతీ విరుచుకుని అన్నాడు. "వాణ్ణి మైదానంలోనే ఉండనీ. ఇంత మంది ముందర ఉన్నది ఉన్నట్ల సెప్పి గెలిచొచ్చినాడు. నాతో అయితాదా అది? సంతలో నేను ఒక్కనాడన్నా అట్ల గెలిచినానా?"

తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా అన్నాడు. "ఆ ముఖం నీదే మరియం."

నేను ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషిని. ఆ రోజు మాత్రం ఆయన తువ్వాల తీసుకుని, ఫక్రూ ముఖం మీది దుమ్ము తుడిచాను. ఆ తర్వాత ఫక్రూ జిల్లా జట్టుకు ఆడాడు, ఇప్పుడు మిల్లుల వెనక అదే స్థలంలో తనే పిల్లలకు ఆట నేర్పిస్తున్నాడు. పెనాల్టీ ముందు వాళ్ళను కళ్ళు మూసుకోమంటాడు, తెరిచాక ముఖం దాచుకోవద్దంటాడు. వాణ్ణి చూసినప్పుడల్లా నాకు ఆ మిద్దె కిందే నిలబడ్డట్టు ఉంటుంది. ఆ రోజు అక్కడే అక్క నా చెయ్యి లాగి, "నకాబు దించుకో మరియం, అందరూ చూస్తాండారు," అంది.

చూడనీలే ఆపా అన్నాను. వాడి ముఖం ఎవరిదో వాళ్ళకూ తెలియాలి కదా.